సెంట్రింగ్ విప్పే తొందర వద్దు నాయనా

చిరంజీవికి ఆశీస్సులు.

కర్నూలులో నంద్యాల రోడ్డు పక్క ఒకేసారి 12 ఇళ్లు ఎత్తుకున్నావని మీ నాయన చెప్పినాడు. మన వంశంలో ఇంత పని నెత్తికెత్తుకున్నోళ్లు లేరు, గర్వంగా ఉంది. దసరాలోపు తాళాలిస్తానని మాటిచ్చినావనేసరికి మాత్రం నిద్ర పట్టలేదు.

అది నల్లరేగడి నేల. పునాది రేగడి దాటి గట్టి పొర తగిలేదాకా పోవాల. తీసిన మట్టినే మళ్లీ పూడ్చొద్దు, గరుసు పోసి దిమ్మిస కొట్టించు. గోడల కింద పునాదిమీద పోసే ప్లింత్ బీము వదలొద్దు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా సెంట్రింగ్ గురించి, అదే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే రేకులు, జాకీల గురించి. నీకుండేది రెండు సెట్లే. బిగించి, కమ్మి కట్టి, కాంక్రీట్ పోసేదానికి 6 రోజులు, జాకీలు కదలకుండా 14 రోజులు. ఒక స్లాబుకు 20 రోజులు పోతాయి. రెండు సెట్లతో 12 స్లాబులంటే 120 రోజులు. గడువు దగ్గర పడేకొద్దీ మేస్త్రీ వచ్చి "ఐదు రోజులైంది, గట్టిపడింది, విప్పుదాం" అంటాడు. చాలామంది పడే గుంత ఇదే. పైన గోటితో గీకితే గట్టిగానే ఉంటుంది. కానీ 12 అడుగులకు 14 అడుగుల గదిమీద 5 అంగుళాల స్లాబు బరువు దాదాపు 5 టన్నులు. చిన్న గదుల స్లాబు జాకీలకు 7 రోజులు చాలని కట్టడాల నియమాల కోడ్‌లో ఉండేది మామూలు ఓపీసీ సిమెంటుకు. నువ్వు వాడే పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు, మొదట్లో నిదానంగా బలం పట్టుకుంటుంది. ముందే విప్పితే నడుమ కిందికి కుంగి, అడుగున సన్నని పగులు పడుతుంది. సున్నం కొడితే కనపడదు. వానాకాలం ఆ కుంగిన చోటే నీళ్లు నిలిచి, పగులులోకి దిగి, కమ్మి తుప్పు పడుతుంది. రేకులు తీసి జాకీలు మళ్లీ పెడతామన్నా ఒప్పుకోవద్దు, ఆ నడుమ గంటసేపు స్లాబు ఉత్తగా వేలాడుతుంది. పని పెరగాలంటే సెట్లు పెంచు. ఇంకో రెండు అద్దెకు తెస్తే 60 రోజుల్లో అయిపోతుంది. అద్దె దగ్గర పిసినారితనం చేసినావంటే ఊరుకోను.

పోసిన స్లాబు తడిగా ఉంటేనే బలం పట్టుకుంటుంది, అందుకే రోజుల కన్నా ముందు నీళ్ల లెక్క చూసుకో. వెయ్యి చదరపు అడుగుల స్లాబుమీద మళ్లు కట్టి రెండంగుళాల నీళ్లు నిలపాలంటేనే 4,700 లీటర్లు, ఇంచుమించు ఒక ట్యాంకర్. మన ఎండకు అది రోజూ తగ్గుతుంది, 14 రోజులు పోస్తూనే ఉండాల. ట్యాంకర్లు ఎన్ని స్లాబులకు అందుతాయో అన్నే ఒకేసారి పోయించు. కూలోళ్లు ఎంతమంది దొరికినా అంతకు మించొద్దు.

బాల్కనీ, సజ్జల దగ్గర కమ్మి పైనుండాల. పోసేటప్పుడు కూలోళ్లు తొక్కితే అది అడుగుకు దిగిపోతుంది, ఇంక ఆ సజ్జను పట్టుకునేది ఏమీ ఉండదు. పై కమ్మిని ఎత్తిపట్టే కుర్చీ కమ్ములు దగ్గర దగ్గరగా పెట్టించి, నడిచేదానికి చెక్కలు వేయించు. బాల్కనీ, సజ్జల జాకీలు అన్నిటికన్నా చివర, బయటి అంచు నుంచి గోడవైపుకు తీయించు.

ఎండలో తలకు తువ్వాల చుట్టుకో, వేళకు తిను. మొదటి స్లాబుకు కాంక్రీట్ పోసే ముందురోజు కమ్మి ఫోటోలు పంపు నాయనా. బాల్కనీ కమ్మిని దగ్గరికి పోయి తియ్యి.

మీ పెద్దనాయన