ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: ఎండలు ముదరకముందే

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఎండాకాలం గురించే. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా ఆగకుండా ఇప్పుడే అడిగారు, మంచిదే.

ప్ర: చలికాలమంతా ఉదయం ఏడింటికి నడుస్తాను. ఏటా ఏప్రిల్‌లో ఆగిపోతుంది, మళ్లీ దసరాకి గానీ కాళ్లు కదలవు. ఈ బద్ధకం పోయేదెలా? – గృహిణి, ఖమ్మం

జ: ఇందులో బద్ధకం పాలు తక్కువ, గడియారం పాలు ఎక్కువ. మీ వైపు జనవరిలో సూర్యోదయం సుమారు 6.40కి, మే నెలాఖరుకి 5.35కే. అదే ఏడింటి నడక జనవరిలో లేత ఎండలో సాగుతుంది, మేలో పొద్దెక్కిన గంటన్నరకి మొదలవుతుంది. చెమటలు కారి, తల దిమ్మెక్కి నాలుగు రోజుల్లో మానేస్తారు. కాబట్టి నడకను ఏడింటికి కాక పొద్దుపొడుపుకి ముడిపెట్టండి. రోజు మొత్తంలో చల్లగా ఉండేది ఆ వేళే. సాయంత్రం చూసుకుందామంటే, సిమెంటు రోడ్లూ గోడలూ పొద్దుగూకాక కూడా చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటాయి.

అలాగని రేపే అలారం ఐదున్నరకి పెట్టకండి. ఆయుర్వేదం ఒక ఋతువు చివరి వారాన్నీ వచ్చే ఋతువు మొదటి వారాన్నీ కలిపి ఋతుసంధి అంటుంది. ఆ రోజుల్లో పాత అలవాటును నాలుగో వంతు చొప్పున వదులుతూ కొత్తదాన్ని అంతే చొప్పున పట్టుకోమంటుంది. మీకు మార్చాల్సింది గంట. నాలుగు రోజులకొకసారి పావుగంట ముందుకు జరిపితే పదహారు రోజుల్లో అయిపోతుంది. అయితే ముందు జరగాల్సింది అలారం కాదు, రాత్రి భోజనం. తొమ్మిదిన్నరకి తిని పదకొండింటికి పడుకునే ఇంట్లో తెల్లవారుజామున లేవడం అంటే నిద్ర కోసుకోవడమే. తిండీ పడకా కూడా అదే పావుగంట లెక్కన ముందుకు రావాలి. మధ్యాహ్నం కునుకు ఇరవై నిమిషాలు మించితే రాత్రి నిద్ర ఆలస్యమై లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ప్ర: వీడియోలు చూసి రాగి అంబలి మొదలుపెట్టాం. ఉండలు కడుతోంది. పైగా రెండో రోజు నుంచే మావారికి కడుపుబ్బరం. ఆయనకి షుగర్ కూడా ఉంది. – విశాఖపట్నం

జ: పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తున్నట్టున్నారు. పిండి ముద్ద పైపొర వెంటనే ఉడికి గట్టిపడుతుంది, లోపలికి నీరు చేరదు. అదే ఉండ. ఇద్దరికి నాలుగు టేబుల్ స్పూన్ల పిండి తీసుకుని, అరగ్లాసు చల్లటి నీళ్లలో జారుగా కలపండి. మూడు గ్లాసుల నీళ్లు మరిగాక మంట తగ్గించి, ఒక చేత్తో పోస్తూ రెండో చేత్తో గరిటె తిప్పండి. ఎనిమిది పది నిమిషాలకి పచ్చివాసన పోయి, చిక్కబడి, గరిటె మీద నిగనిగలాడుతుంది. అప్పుడు దించండి.

వేలు పెడితే గోరువెచ్చగా తగిలే దాకా ఆరాక రెండు చెంచాల పుల్లమజ్జిగ కలిపి మూత పెట్టండి. వేడి మీద పోస్తే విరుగుతుంది, పులియబెట్టే సూక్ష్మజీవులూ చస్తాయి. కుండ గానీ స్టీలు గిన్నె గానీ వాడండి. పులుపు తగిలే వంటకి అల్యూమినియం వద్దు. ఇప్పుడైతే రాత్రంతా ఉంచాలి, మే నెలలో ఆరు గంటలకే పులిసిపోతుంది. పుల్లటి వాసన మంచిదే. జిగురుగా సాగినా, పైన గులాబీ రంగో నల్ల మచ్చలో కనిపించినా పారబోయండి, పై పొర తీసేసి తాగకండి. ఉదయం గ్లాసు మజ్జిగ, కొద్దిగా ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలిపితే సరి.

ఇక ఉబ్బరం: మొదటి రోజే టిఫిన్ మానేసి రెండు పెద్ద గ్లాసులు తాగి ఉంటారు. నాలుగు రోజులు టిఫిన్‌తో పాటు టీ కప్పు అంబలి, తర్వాత షుగర్ లేనివారైతే ఒక ఇడ్లీ తగ్గించి రెండు కప్పులు, అలా పెంచండి. రాగి అనగానే షుగర్‌కి మంచిదని గుడ్డిగా నమ్మకండి. పలచగా, మెత్తగా ఉడికిన పిండి త్వరగా అరిగి షుగర్‌ను త్వరగా పెంచుతుంది. ఆయనకి కప్పుతో ఆపి, పక్కన గుడ్డో ఉడికించిన పెసలో పెట్టి, రెండు గంటల తర్వాత ఒకసారి పరీక్ష చేసి చూడండి.

ప్ర: రోజుకి ఆరు టీలు తాగుతాను. ఉగాది నాడు పూర్తిగా మానేద్దామనుకుంటున్నాను. – తణుకు

జ: పండగ నాడు తలనొప్పి ఎందుకండీ? కెఫీన్ ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో తల పగిలిపోతుంది, మూడో రోజు మళ్లీ టీ కొట్టు దగ్గర తేలతారు. నాలుగు రోజులకొక టీ తగ్గించండి, ముందు నిద్ర చెడగొట్టే సాయంత్రం టీతో మొదలుపెట్టండి. ఆ వేళకి పలుచటి మజ్జిగ తాగండి.

ప్ర: అమ్మకి 72 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతుంది. దాహం లేదంటూ నీళ్లు తాగదు. ఓఆర్ఎస్ రోజూ ఇవ్వొచ్చా? – కర్నూలు

జ: వద్దు. అందులో ఉప్పు ఉంటుంది, అది విరేచనాలకీ వాంతులకీ మందు. వాడాల్సి వస్తే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం కలిపితే పాళ్లు చెడతాయి. 24 గంటలు దాటితే పారబోయాలి.

వయసు మీద పడితే ఒంట్లో నీరు తగ్గినా దాహం సరిగా తెలియదు, అమ్మగారు అబద్ధమాడటం లేదు. దాహాన్ని నమ్ముకోకుండా నీళ్లను పనులకి జత చేయండి: మాత్రతో గ్లాసు, పూజ అయ్యాక గ్లాసు, సీరియల్ మొదలవగానే గ్లాసు. మూత్రం ముదురు పసుపుకి తిరిగితే తక్కువ తాగుతున్నట్టే. గుండె, కిడ్నీ జబ్బులుంటే మాత్రం ఎన్ని నీళ్లో డాక్టరే చెప్పాలి. బీపీ మందుల్లో మూత్రం ఎక్కువగా పోయించేవి ఉంటాయి. వేసవిలో వాటికి చెమట తోడై, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతారు. సొంతంగా మాత్ర మానకండి, చీటీ తీసుకుని మార్చిలోనే డాక్టరును కలవండి.

ప్ర: దుబాయ్‌లో కట్టడం పని. రెండు నెలల సెలవుకి ఇంటికొచ్చి ఆగస్టులో తిరిగి వెళ్తాను. పోయినసారి రెండో రోజే పడిపోయాను. – జగిత్యాల

జ: వేడికి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కొన్ని వారాలు దూరమైతే ఆ అలవాటు పోతుంది. పదేళ్ల అనుభవం ఉన్నా రెండు నెలల తర్వాత మీరు కొత్తవారే. మొదటి రోజు ఎండలో మామూలు పనిలో ఐదో వంతు, ఆపై రోజుకి మరో ఐదో వంతు ఇమ్మని ఫోర్‌మన్‌ని ముందే అడగండి. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. మిగతా గంటల్లో జాగ్రత్త మీదే. తోటివాడు తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే నోట్లో నీళ్లు పోయకండి. నీడకి చేర్చి, బట్టలు తడిపి, గాలి ఆడేలా చేస్తూ అంబులెన్స్ పిలవండి.

ప్ర: అటక మీది కూలర్ దింపాం. గడ్డి మార్చితే చాలా? – వరంగల్

జ: ట్యాంకు గోడలు కూడా పీచుతో గట్టిగా రుద్దండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకి అతుక్కుని నెలల తరబడి ఎండిపోయి కూడా బతుకుతాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. తర్వాత వారానికొకసారి నీళ్లు పారబోసి, రుద్ది, ఆరబెట్టి నింపండి. కిటికీ ఒకటి తెరిచే ఉంచండి, లేకపోతే తేమ గదిలోనే నిలిచి ఉక్కపోస్తుంది. మృగశిర వచ్చి గాలిలో చెమ్మ పెరిగాక కూలర్‌తో పెద్దగా పని లేదు, అప్పుడు ఫ్యానే నయం.