దాతలు రెండో ఏడాది ఎందుకు రాలేదంటే: మా శాఖా గ్రంథాలయం అనుభవం

మీ ఊరి శాఖా గ్రంథాలయానికి బల్లలు, పుస్తకాలు కొందామని పూర్వ విద్యార్థుల దగ్గర చందాలు పోగు చేశారు. మొదటిసారి బాగానే ఇచ్చారు, రెండో ఏడాది ఫోన్లు కూడా ఎత్తలేదు. ఏళ్ళ తరబడి వెంట ఉండే దాతలు ఎలా దొరుకుతారని కదా మీరు అడిగింది. కృష్ణా డెల్టాలో ఉన్న మా ఊళ్ళో మాకూ అచ్చం ఇదే జరిగింది. ఎనిమిదేళ్ళుగా ఈ పనిలో తిరుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

తప్పు దాతలది కాదండీ. మొదటి ఏడాది డబ్బు తీసుకున్నాం, ఇన్వర్టరు కొన్నాం, వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాం. మళ్ళీ వాళ్ళను పలకరించింది పదకొండు నెలల తర్వాత, అదీ డబ్బు కోసమే. అవసరానికే గుర్తొచ్చే చుట్టాన్ని ఎవరు మాత్రం ఎన్నిసార్లు ఆదరిస్తారు?

ఆ రెండో ఏడాదే ఒక రిటైర్డు మాస్టారింటికి వెళ్ళాం. ఆయన లోపలికెళ్ళి ఇంటి పన్ను రశీదు తెచ్చి మా ముందు పెట్టారు. "గ్రంథాలయానికి నేను ఏటా కడుతూనే ఉన్నాను. అది ఏమవుతోందో కనుక్కుని చెప్పండి, చందా సంగతి తర్వాత" అన్నారు. అక్కణ్ణుంచి మా పని దారి మారిపోయింది.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఏటా 80 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్టే. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ దాన్ని వసూలు చేసి, శాఖా గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల అది పూర్తిగా జమ కాక బకాయిలు పేరుకుంటాయి. మేం సమాచార హక్కు కింద రెండే ప్రశ్నలు అడిగాం: ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు. వచ్చిన రెండు అంకెలకూ పొంతన లేదు.

ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఈసారి చందా అడగలేదు. "మీరు కట్టిన డబ్బు మన గ్రంథాలయానికి రావాలని అర్జీ పెడుతున్నాం, సంతకం చేయండి" అన్నాం. రెండు వందల పైచిలుకు సంతకాలు వచ్చాయి. బకాయి అంతా రాలేదు గానీ, కొంత జమైంది, ఆగిపోయిన పత్రికలు మళ్ళీ రావడం మొదలైంది. ఆ సంగతి సంతకం పెట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాం. మాకు నిలిచిన దాతల్లో ఎక్కువమంది ఆ గడపల్లోంచి వచ్చినవాళ్ళే. తమ డబ్బు కోసం ఒకసారి అర్జీ పెట్టిన మనిషికి ఆ గది మీద హక్కు ఉందన్న భావన కలుగుతుంది. నెలకు వంద రూపాయలు ఇవ్వడం తర్వాత ఆయనకు భారంగా తోచదు.

ఇక్కడొక జాగ్రత్త. దాతల డబ్బుతో కరెంటు బిల్లు, మామూలు పత్రికల చందా కట్టకండి. ఒకసారి మీరు కట్టడం మొదలుపెడితే కట్టవలసినవాళ్ళు చేతులు దులుపుకుంటారు. పన్ను డబ్బుతో రావలసింది పన్ను డబ్బుతోనే రావాలని పట్టుబట్టండి. దాతల డబ్బు డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే పిల్లలు అడిగే పుస్తకాలకూ, ఆడపిల్లలు సాయంత్రం దాకా కూర్చోగలిగేలా మరుగుదొడ్డి బాగుకూ పెట్టాం. ఏది కొన్నా ముందు గ్రంథపాలకుణ్ణి అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, స్టాక్ రిజిస్టరులో ఎక్కించండి. మేం ఆ పని చేయకపోవడం వల్ల రెండు బీరువాలు ఎవరివో తేలక ఏడాదిపాటు తాళం వేసి ఉన్నాయి.

పెద్ద మొత్తం ఇచ్చే ఒక్కరి మీద ఆనుకోవద్దు. ఒకాయన ఏడాది ఖర్చంతా నేనే భరిస్తానంటే సంబరపడిపోయాం. మరుసటేడు ఆయన వ్యాపారం దెబ్బతింది, మా పనీ ఆగిపోయింది. ఇప్పుడు అమ్మానాన్నల జ్ఞాపకంగా ఒక కుటుంబం ఒక మాసపత్రికకు ఏడాది చందా కడుతుంది. ఆ తేదీకి మేమే వాళ్ళింటికి వెళ్తాం, ఆ పత్రిక ఎవరెవరు చదువుతున్నారో చెబుతాం. ఇక్కడ చదువుకుని కానిస్టేబులైన కుర్రాడు తన పాత పుస్తకాలన్నీ ఇచ్చాడు, కొత్తగా చదివేవాళ్ళతో ఆదివారాలు కూర్చుంటాడు. అతన్ని కూడా దాతల జాబితాలోనే రాసుకున్నాం.

లెక్క మాత్రం మూడు నెలలకొకసారి చేతికివ్వాలి, గోడకు అంటించి ఊరుకుంటే చాలదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు మా డెల్టా కాలువల మీదే పడవలో పుస్తకాలు వేసుకుని కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య ఊళ్ళకు పంపారు. రేవు దగ్గరికి పుస్తకమే వచ్చేది. ఈ తరంలో మనం ఒక కాగితం పట్టుకుని నాలుగు వీధులు తిరగలేమా అని మా వాళ్ళతో అంటుంటాను.

అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థుల గురించి కూడా అడిగారు. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు మాత్రం విదేశీ విరాళం కిందికే వస్తుంది. దాన్ని తీసుకోవాలంటే మీ సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, వాళ్ళకు ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే) కార్డున్నా ఇంతే. పంపమనే ముందే వాళ్ళ పౌరసత్వం ఏ దేశానిదో అడగండి. పన్ను మినహాయింపు ఆశ చూపించేటప్పుడూ జాగ్రత్త: మీ సంఘానికి దాతలకు మినహాయింపు ఇప్పించే నమోదు (80జీగా పేరుపడింది) ఉండాలి, నగదుగా రెండు వేలు దాటితే మినహాయింపు వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు అసలే లేదు.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి కదా, ఆలోపు మొదటి ఏడాది ఇచ్చిన ప్రతి ఒక్కరినీ కలవండి. దూరాన ఉన్నవాళ్ళకు ఫోన్ చేయండి. ఆ డబ్బుతో ఏం కొన్నారో, ఎంత మిగిలిందో కాగితం చేతిలో పెట్టి, ఇన్నాళ్ళూ చెప్పనందుకు క్షమించమనండి. ఆ రోజు డబ్బు మాట ఎత్తకండి.