మోడలింగ్ నుంచి సినిమాల్లోకి: శోభితా ధూళిపాళ దారి

రాయగడలో ఉండే అమ్మాయి మోడలింగ్ చేస్తే సినిమా ఛాన్సులు వస్తాయా, శోభితకి ఎలా వచ్చాయి అని అడిగారు. మాదీ ఒడిశాలోనే, పర్లాకిమిడి. ఇక్కడి తెలుగువాళ్లకు పెద్దాసుపత్రికైనా పెళ్లి చీరలకైనా వైజాగే దిక్కు, అందుకే వైజాగ్‌లో పెరిగిన శోభితను మా ఊరి పిల్లలాగే చూస్తాం.

పుట్టింది తెనాలి, పెరిగింది వైజాగ్. 2013లో మిస్ ఇండియా ఎర్త్ అయింది, అదే ఏడాది మిస్ ఎర్త్ పోటీకి వెళ్లింది. కానీ కిరీటం వెంట సినిమాలు పరిగెత్తుకు రాలేదు. మొదటి సినిమా, హిందీ 'రామన్ రాఘవ్ 2.0', 2016లో గానీ విడుదల కాలేదు. తెలుగులో 'గూఢచారి' 2018లో. తెలుగమ్మాయి తెలుగు తెరకి ముంబై మీదుగా రావాల్సి వచ్చింది, చూడండి!

బాగా పేరొచ్చింది 2019 నాటి 'మేడ్ ఇన్ హెవెన్' సిరీస్‌తో. అందులో ఆమె వేసిన తార ఢిల్లీ శ్రీమంతుల పెళ్లిళ్లు జరిపిస్తుంది, తను మాత్రం మామూలు ఇంటి పిల్ల. లోపల ఎంత టెన్షన్ ఉన్నా నిటారుగా నడిచే ఆ పాత్రకి మోడలింగ్ అలవాటు బాగా కలిసొచ్చిందని నా అభిప్రాయం. తర్వాత మలయాళం, తమిళం, 2024లో ఇంగ్లిష్ 'మంకీ మ్యాన్'.

మీరైతే ఆడిషన్లు ఇస్తూ ఉండండి. ఛాన్స్ ఇప్పిస్తాం, ఫొటోషూట్‌కి ముందు డబ్బు కట్టండి అనేవాళ్లకి మాత్రం పైసా ఇవ్వకండి.