గీషా ఆత్మకథ ఏదైనా చదివారా? చదివాక గీషాల మీద మీ అభిప్రాయం మారిందా?

చదివాను. ఒకటి కాదు, రెండు చదివాను. (తెలియనివాళ్ళకి: గీషాలంటే జపాన్‌లో విందుల్లో ఆటపాటలతో అతిథుల్ని అలరించే కళాకారిణులు.) అభిప్రాయం మారిందా అంటే మారింది. కానీ పుస్తకం ఒక్కటే మార్చలేదు, మా స్నేహితురాలి అత్తగారు మార్చారు. మీరు అడిగినదానికి ఇది సూటిగా జవాబు అవుతుందో లేదో గానీ, ఎప్పటినుంచో ఎక్కడైనా రాయాలని ఉంది కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను.

ఉద్యోగం వల్ల నాలుగేళ్లు ఒసాకాలో ఉన్నాను. అక్కడ ఆరుగురం తెలుగు ఆడవాళ్ళం నెలకో శనివారం ఎవరో ఒకరి ఇంట్లో కలిసి, ముందే అనుకున్న పుస్తకం గురించి మాట్లాడుకునేవాళ్ళం. 2019 మార్చిలో అనుకున్నది మినెకో ఇవసాకి ఆత్మకథ. ఆవిడ 1949లో క్యోటోలో పుట్టింది, పదకొండుమంది పిల్లల్లో ఆఖరిది. ఐదేళ్ల వయసులో కన్నవాళ్ళ ఇల్లు వదిలి అదే ఊళ్ళో గియోన్ అనే గీషాల పేటలో ఉన్న ఒక గీషా ఇంటికి వెళ్లింది, పదేళ్లకి అదే ఇంటికి దత్తత వెళ్లి వారసురాలైంది. పదిహేనేళ్లకి మైకో, అంటే ఇంకా శిక్షణలో ఉన్న అమ్మాయి. ఇరవయ్యొకటికి పూర్తి గెయికో. క్యోటోలో గీషా అనరు, గెయికో అనే అంటారు. ఇరవై తొమ్మిదేళ్లకి, మంచి పేరులో ఉండగానే మానేసింది.

ఇంత జీవితం చేతిలో పెట్టుకుని ఆ రోజు మేం మొదటి అరగంట దేని గురించి వాదించుకున్నామో తెలుసా? వాళ్ళు మగవాళ్ళతో పడుకునేవారా లేదా అని. అంతే. ఒకామె "ఎంత పట్టుబట్టలు కట్టి చెప్పినా అదే కదా" అంటుంది, ఇంకొకామె "కాదు, వ్యభిచార నిషేధ చట్టం వచ్చాక అవన్నీ పోయాయి, 1958 తర్వాత ఎక్కడా లేవు" అంటుంది. నేను కూడా గొంతు పెంచి, ఆవిడే తన విషయంలో అలాంటిది జరగలేదని రాసింది కదా, ఆవిడ మాట నమ్మరేం అని కొట్లాడాను. పుస్తకంలో ఆ సంగతి ఉన్నది ఎన్ని పేజీలు? మిగతా పేజీలన్నీ ఏమయ్యాయి?

మా స్నేహితురాలి అత్తగారు అప్పుడు మూడు నెలలకని వచ్చి ఉన్నారు. రామచంద్రపురం దగ్గర పల్లెటూరు వాళ్ళది, డెబ్బై ఎనిమిదేళ్లు, మేమందరం మామ్మగారూ అనేవాళ్ళం. సోఫా పక్కన కింద కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తూ మా గొడవ అంతా విన్నారు. ఇంగ్లీషు రాదు, మేం తెలుగులో అరుచుకుంటున్నాం కాబట్టి విషయం తెలిసింది. కాసేపటికి తలెత్తి అడిగారు.

"అమ్మాయ్, ఈవిడ ఏం తినేదో రాసిందా?"

మేం ఎవరం మాట్లాడలేదు. రాసింది. నేను చదివాను కూడా, కానీ ఎవరైనా అడిగితే చెప్పేంత ముఖ్యమని నాకు తట్టలేదు. విందుల్లో అతిథుల ముందు ఎన్ని వంటకాలున్నా వీళ్ళు ముట్టుకోకూడదు. తింటే ముందే తిని వెళ్ళాలి, లేదా అర్ధరాత్రి దాటి ఇంటికొచ్చాక తినాలి. అదే చెప్పాను. మామ్మగారు తల ఊపి, "మరి ఆ కొప్పు పెట్టుకుని ఎలా పడుకునేది?" అన్నారు. మైకోలది విగ్గు కాదు, సొంత జుట్టే, వారానికోసారి వేయించుకున్న ముడి చెదిరిపోకుండా మెడ కింద ఎత్తుగా చిన్న తలగడ పెట్టుకుని పడుకోవాలి. "చీర ఎవరు కట్టేవారు?" కిమోనో కట్టేది మగవాళ్ళు, అదే వాళ్ళ వృత్తి, వెనక వేలాడే ఆ నడికట్టు ఐదు మీటర్ల పైచిలుకు ఉంటుంది, మనిషి బలమంతా పెట్టి బిగిస్తే గానీ నిలవదు. "డబ్బు ఎవరి చేతికి?" ఈ ప్రశ్న దగ్గర మామ్మగారు బీన్స్ పక్కన పెట్టేశారు. డబ్బు ఆ అమ్మాయి చేతికి రాదు. టీ హౌస్, అంటే ఆ విందులు జరిగే చోటు, వాళ్ళు లెక్క కట్టి అతిథికి బిల్లు పంపుతారు, పాతరోజుల్లో అగరువత్తి కాలే సమయాన్ని బట్టి లెక్క. వచ్చిన సొమ్ము ఆమె ఉండే ఇంటికి పోతుంది. ఆ ఇంటి పెద్ద ఆడమనిషే, అందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు. ఆడపిల్లని పెంచుకుని ఇల్లు నిలబెట్టుకుంటారు.

"అయితే మనవాళ్ళలాగే," అన్నారు మామ్మగారు.

మనవాళ్ళెవరు అని అడిగాం. అప్పుడు చెప్పారు. వాళ్ళ చిన్నప్పుడు, తొమ్మిదో పదో ఏళ్ల వయసులో, వాళ్ళ పెరటి గోడ అవతల ఒక కలావంతులావిడ ఉండేదట. ఊళ్ళో వాళ్ళు అనే మాట వేరు, అది నేను ఇక్కడ రాయను. ఒకప్పుడు పెళ్ళిళ్ళకి మేళం కట్టిన మనిషి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది కదా, అప్పటికి మేళాలు ఆగిపోయాయి. ఆవిడ కూడా ఒక పిల్లని తెచ్చుకుని పెంచుకుంది. మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ గోడ అవతల నుంచి చప్పుడు వినిపించేదట. గజ్జెల చప్పుడు కాదు, ఒట్టి పాదం నేల మీద పడే చప్పుడు. ఈవిడ వెళ్ళి గోడకి చెవి ఆనించి వినేవారట. వాళ్ళమ్మ చూసి రెక్క పుచ్చుకుని లాక్కొచ్చేది.

"ఎవరమూ అడగలేదమ్మా. ఏం పాడేదో, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఆ పిల్లకి ఏం చెప్పేదో. ఆవిడ గురించి ఊరంతటికీ తెలిసిందల్లా మీరు ఇందాకట్నుంచి అనుకుంటున్నారే, ఆ ఒక్కటే."

ఆ శనివారం తర్వాత పుస్తకం మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఈసారి మామ్మగారి ప్రశ్నలతో చదివాను. వేరే పుస్తకంలా ఉంది. ఆరో ఏట, ఆరో నెల, ఆరో తేదీన నాట్యం మొదలు పెట్టడం వాళ్ళ ఆచారం. ఆమె ఉన్న గియోన్ కోబు పేటలో ఇనోఉఏ సంప్రదాయం తప్ప ఇంకో నాట్యం నేర్పరు. గురువు నాలుగో ఇనోఉఏ యాచియో, దేశం మొత్తం గౌరవించిన పెద్దావిడ. ఆమె పాఠంలో "ఒతోమె" అని ఒక్క మాట అంటే ఆపి, వేదిక దిగి వెళ్ళిపోవాలి, మళ్ళీ పిలిచేదాకా రాకూడదు. చిన్నారి మినెకోకి ఒకరోజు ఆ మాట పడింది. ఆ అవమానం గురించి ఆమె రాసినది చదువుతుంటే నాకు కడుపులో తిప్పింది, సంగీతం క్లాసులో అందరి ముందు టీచర్ నన్ను లేచి బయటికి పొమ్మన్న రోజు గుర్తొచ్చింది. ఆ పిల్ల మాత్రం అక్కడినుంచే ఎలాగైనా గొప్ప నర్తకిని కావాలని పట్టుబట్టింది.

ఇంకో చోట, అప్పటి బ్రిటన్ యువరాజు చార్లెస్ విందుకు వచ్చి ఆమె విసనకర్ర తీసుకుని అడగకుండానే దాని మీద సంతకం పెట్టాడు. ఆయన దృష్టిలో అది పెద్ద కానుక. ఆమెకి ఒళ్ళు మండింది, ఇంటికొచ్చి దాన్ని పారేయమంది. పుస్తకం చదివిన చాలామంది ఇది ఆమె పొగరు అంటారు, మా ఆరుగురిలో కూడా ఇద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. అది ఆమె నాట్యం చేసే వస్తువు. మన దగ్గర ఎవరైనా మృదంగం మీద పెన్నుతో సంతకం పెడితే ఊరుకుంటామా?

ఎందుకు మానేసిందో కూడా ఎవరూ మాట్లాడరు. ఇన్నేళ్లు నేర్చుకున్నా ఆ అమ్మాయిలకి బయట పనికొచ్చే చదువు లేదు, పట్టా లేదు, ఆ వీధి దాటితే ఆ విద్యతో బతికే దారి లేదు. మార్చమని ఎన్నిసార్లు అడిగినా పెద్దలు వినలేదు. తను మానేశాక మూడు నెలల్లో మరో డెబ్బై మంది మానేశారని రాసింది. ఇది నా దృష్టిలో పుస్తకం మొత్తానికి అన్నిటికన్నా పెద్ద విషయం. ఇది ఉద్యోగుల సమస్య, జీతం, చదువు, హక్కుల సమస్య. ఏ సమీక్షలోనూ నాకు ఇది సరిగ్గా కనబడలేదు.

ఇక్కడ ఒక కోపం కూడా చెప్పాలి. గీషా అనగానే మనవాళ్ళు చెప్పేది 1997లో ఆర్థర్ గోల్డెన్ అనే అమెరికన్ రాసిన నవల, దాని మీద 2005లో వచ్చిన సినిమా. నవల రాయడానికి ఆయన మాట్లాడినది ఈ ఇవసాకితోనే. పేరు బయటపెట్టనని మాట ఇచ్చి పుస్తకంలో కృతజ్ఞతల్లో పేరు వేశాడని, కన్యత్వాన్ని వేలం వేసే కథ అల్లి తన జీవితం అదే అనుకునేలా చేశాడని ఆమె 2001లో కోర్టుకెళ్లింది. ఆమెకి చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. 2003లో కోర్టు బయట రాజీ అయింది. మధ్యలో 2002లో తన కథ తనే రాసుకుంది. అయినా ఇప్పటికీ జనం ఆ నవల చదివి "అబ్బ, ఎంత నిజంగా ఉందో" అంటారు, ఆమె రాసినది చదివి "ఏదో దాస్తోంది" అంటారు. బతికిన మనిషి చెప్తే అనుమానం, ఊహించి రాసిన మగవాడు చెప్తే నమ్మకం. మన దగ్గరా ఇంతే. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యాన్ని 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ మళ్ళీ అచ్చు వేయిస్తే, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. మగ కవులు రాసిన శృంగారాన్ని మాత్రం బళ్ళో పాఠం పెట్టారు. నాగరత్నమ్మ అప్పుడే ఈ మాట అడిగింది, జవాబు ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్‌లో మామ్మగారిని గియోన్ తీసుకెళ్ళాం. ఒసాకాలోని క్యోబాషి నుంచి కేయ్‌హాన్ రైలు ఎక్కితే గంట లోపే. సాయంత్రం హనామికోజి వీధిలో జనం పండగలా ఉన్నారు. ఒక మైకో సందులోంచి వచ్చింది, పదిహేడు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, పది సెంటీమీటర్ల ఎత్తు చెక్క చెప్పులు. అంతే, ముప్పై నలభై ఫోన్లు లేచాయి. ఒకతను ఆమె ముందుకెళ్ళి వెనక్కి నడుస్తూ వీడియో తీస్తున్నాడు. ఆ పిల్ల పనికి వెళ్తోంది! ఆఫీసుకి వెళ్ళే మనల్ని ఎవరైనా అలా చుట్టుముడితే పోలీసుల్ని పిలవమా? అదే ఏడాది చివర్లో అక్కడి ప్రైవేటు సందుల్లో ఫోటో తీస్తే పదివేల యెన్ల జరిమానా అని బోర్డులు పెట్టారు, నాకు చాలా సంతోషమేసింది. నా ఫోన్ కూడా ఆ రోజు చేతిలోనే ఉంది, మామ్మగారు నా చెయ్యి పట్టుకుని కిందికి దించారు. ఆవిడ ఆ పిల్ల మొహం వైపు చూడలేదు. తల వంచి వింటున్నారు. కొత్త మైకోల చెప్పుల్లో చిన్న గంట ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా మోగుతుంది. అది సందు చివర మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డారు.

రెండో పుస్తకం సంగతి. ఇవసాకి రాసినది చదివి గీషాలందరూ అలాగే దర్జాగా బతికారనుకుంటే తప్పు, ఈ మాట నేనే చెప్తాను. సాయో మసుదా 1925లో పుట్టింది. ఊహ తెలిసేసరికే ఒకరింట్లో పిల్లల్ని ఆడించే పని. పన్నెండేళ్లకి నగానోలోని సువ అనే వేడినీటి బుగ్గల ఊళ్ళో గీషా ఇంటికి అమ్మేశారు. బడి మొహం చూడలేదు, పెద్దయ్యాక హిరగాన అనే తేలిక జపనీస్ అక్షరాలు నేర్చుకుని వాటితోనే తన జీవితం రాసింది, 1957లో పుస్తకమైంది. ఇవసాకి తనకు జరగలేదన్నది ఈమెకు జరిగింది, ఒక్కసారి కాదు, కొత్తపిల్ల అని చెప్పి మళ్ళీ మళ్ళీ అమ్మారు. క్యోటో గియోన్ వేరు, బుగ్గల ఊళ్ళు వేరు, యుద్ధం ముందు వేరు, తర్వాత వేరు. ఒకరు నిజం, ఒకరు అబద్ధం అని కొట్లాడుకునేవాళ్ళు రెండోది చదవనివాళ్ళే, ఇది నేను రాసిస్తాను. మీరు ఒకటే చదవగలిగితే మసుదా చదవండి, చిన్న పుస్తకం, ఇంగ్లీషులో 2003 నుంచి ఉంది.

అప్పటికి మామ్మగారు ఇండియా వెళ్ళిపోయారు. ఆదివారాలు ఫోన్ చేసి వారానికి కొంచెం చొప్పున మసుదా కథ తెలుగులో చెప్పేదాన్ని. ఒకరోజు తొందరలో కొన్ని పేజీలు దాటేసి ముందుకెళ్ళిపోయాను. ఆవిడ ఆపారు.

"తమ్ముడొకడు ఉన్నాడన్నావు కదా, వాడేమయ్యాడు?"

నేను కావాలనే దాటేశాను. ఆ తమ్ముణ్ణి ఆమె ఎన్నో పాట్లు పడి సాకింది. క్షయతో ఆస్పత్రిలో ఉండగా, అక్కకి ఇంక భారం కాకూడదని ప్రాణం తీసుకున్నాడు. చెప్పాను. అటువైపు చాలాసేపు ఫ్యాను చప్పుడే వినబడింది.

"గోడవతల ఆవిడకీ ఒక తమ్ముడు ఉండేవాడే," అన్నారు. "సైకిల్ మీద వచ్చేవాడు. పేరు గుర్తు రావట్లేదు."