చిట్టా పుస్తకం లేకుండా బొమ్మలు అమ్మకండి

ప్రశ్న: మా మామగారు బిట్రగుంటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. డ్యూటీ మీద మద్రాసు వెళ్ళినప్పుడల్లా పాత అచ్చు బొమ్మలు కొనుక్కొచ్చేవారట. రంగుల్లో ఉన్న పెద్ద పురాణ బొమ్మలు నలభై దాకా ఉన్నాయి. నల్ల సిరాతో అచ్చువేసిన చిన్నవి పన్నెండు. ఆయన పోయి ఏడాది దాటింది. అటక మీది ట్రంకు పెట్టె దించితే బొమ్మలతో పాటు రెండు లాంగ్ నోటుబుక్కులు, పోస్టుకార్డులు, వి.పి.పి. రసీదులు, అత్తగారు ఆయనకు రాసిన ఉత్తరాలు కట్టలుగా కనిపించాయి. నోటుబుక్కులో ‘మూ.మా. 4 రూ.’, ‘కా.లో. అంచు ఉంది’ అని ఏవేవో పొడి అక్షరాలు. చెన్నై నుంచి వచ్చిన ఒకాయన బొమ్మలన్నీ కొంటానన్నాడు, కాగితాలు మాత్రం అక్కర్లేదన్నాడు. మావారేమో వాటిని పాత పేపర్లవాడికి వేసేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ ఉత్తరాల్లో ఇంటి గొడవలున్నాయన్నది ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ముందు పాత పేపర్లవాడిని రావద్దనండి. చెన్నై ఆయనకూ ఇప్పుడే మాట ఇవ్వకండి.

‘మూ.మా.’ అంటే మూర్ మార్కెట్ అయి ఉంటుంది. మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండేది. పాత పుస్తకాలు, పాత బొమ్మలు, ఇళ్ళలోంచి వచ్చిన పాత సామాన్లు అన్నీ అక్కడ దొరికేవి. బండి దిగిన గార్డుకు తిరుగు బండి దాకా నాలుగు గంటలు ఖాళీ ఉంటే ఎక్కడికి వెళ్తాడు? 1985లో ఆ మార్కెట్ కాలిపోయింది. కాబట్టి ఏ బొమ్మ అక్కడి నుంచి వచ్చింది, ఎంతకు వచ్చింది అన్నదానికి ఇవాళ మీ పెట్టెలోని ఆ ఒక్క లైను తప్ప సాక్ష్యం దొరకదు.

‘కా.లో.’ చదవగానే నాకు చాలా సంతోషమేసింది. రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది. తర్వాత లోనావళా దగ్గరి మలవలికి మారింది. అక్కడ వేసిన బొమ్మల కింద ‘కార్లా–లోనావళా’ అని అచ్చు ఉంటుంది. అంటే మీ మామగారు బొమ్మ మొహమొక్కటే చూసి కొనలేదు, అడుగు అంచు కూడా చదివి కొన్నారు. ఆ అంచు ఉంటేనే బొమ్మ ఏ ప్రెస్సుదో తెలుస్తుంది. ఫ్రేములో ఇమడడం లేదని చాలామంది ఆ అంచునే కోయించేశారు.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. మా మేనమామ ఇంటి నుంచి నాకు ఒక హంస దమయంతి బొమ్మ వచ్చింది. చెక్క పాడైందని నెల్లూరులో ఒక ఫ్రేములు కట్టే షాపులో ఇచ్చాను. వాళ్ళు కొత్త ఫ్రేముకు సరిపోయేట్టు కింద రెండు వేళ్ళ మేర కోశారు. వెనక ఉన్న పాత అట్ట పారేశారు. ఆ అట్ట మీద మామయ్య పెన్సిలుతో ఎవరి పెళ్ళికి కొన్నదీ, ఎక్కడ కొన్నదీ రాసుకున్నాడు. మర్నాడు వెళ్ళి అడిగితే చెత్తబండి వెళ్ళిపోయిందన్నారు. ఇప్పుడా బొమ్మ మా గోడ మీద అందంగానే ఉంది. కానీ దాని గురించి ఎవరడిగినా నా దగ్గర చెప్పడానికేమీ లేదు.

అందుకని మీరు చేయాల్సింది ఇదమ్మా. ఆయన కట్టిన కట్టలను విప్పి తేదీల వారీగా సర్దకండి. నోటుబుక్కు మధ్యలో పోస్టుకార్డు ఉంటే అది ఆ పేజీకి చెందినదేమో. ఉన్నది ఉన్నట్టుగా, పగటి వెలుతురులో కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీయండి. తర్వాత నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో బొమ్మ చూడండి. ఏ లైను ఏ బొమ్మదో తేలితే బొమ్మ వెనక మూలన మెత్తటి పెన్సిలుతో ఒక అంకె వేయండి, అదే అంకె విడిగా ఒక జాబితాలో రాయండి. పెన్నుతో వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది. నలభై బొమ్మలకు నెల పట్టినా ఫరవాలేదు.

ఆ నల్ల బొమ్మల అడుగున పెన్సిలుతో 7/25 లాంటి అంకె, కుడివైపు సంతకం ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి చిత్రకారుడు తన చేతుల మీదుగా తీసిన అచ్చులు అయి ఉండొచ్చు. మొత్తం ఇరవై ఐదు ప్రతులలో అది ఏడోదని అర్థం. మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు ఈ కళలోనే ప్రపంచానికి తెలిశారు. సిరాల్లో అవిసె నూనె పాలు మార్చి, మెత్తటి రోలరు ఒకటి, గట్టి రోలరు ఒకటి నడిపించి, ఒకే రేకు మీద రంగులన్నీ ఒకేసారి అచ్చుకు వచ్చే పద్ధతిని పారిస్‌లో తన తోటివాళ్ళతో కలిసి సాధించారు. మీ పెట్టెలో ఆయనది ఉందని ఆశ పెట్టడం లేదు. అచ్చు బొమ్మ అనగానే కేలండరే అనుకునేవాళ్ళకు ఈ సంగతి తెలియాలని చెప్పాను.

ఇక ఉత్తరాలు. తగలబెట్టకండి. జీతం బొమ్మల పాలైందని ఒక ఇల్లాలు బాధపడి రాసిందంటే, ‘4 రూ.’ అన్న అంకె ఆ ఇంట్లో ఎంత బరువో చెప్పేవి ఆ ఉత్తరాలే. అలాగని అందరికీ చూపించాల్సిన పని లేదు. వేరే కవరులో పెట్టి, ఎవరు ఎప్పుడు విప్పవచ్చో మీవారూ మీరూ కలిసి పైన రాయండి. అంతకంటే ముందు, తీరిగ్గా ఉన్న ఒక సాయంత్రం అందులోంచి ఒక ఉత్తరం మీవారి చేతిలో పెట్టండి. అది ఆయన అమ్మ చేతిరాత కదా.

అమ్మడం తప్పు కాదు, అవసరాలు ఎవరికైనా ఉంటాయి. కానీ నేనైతే కాగితాలు అక్కర్లేదన్నవాడికి బొమ్మలు ఇవ్వను. కొనేవాళ్ళు నోటుబుక్కులు కూడా తీసుకుని, రెండూ విడదీయబోమని కాగితం మీద రాసివ్వాలి. మ్యూజియానికి ఇచ్చినా అదే షరతు పెట్టండి.

ప్రశ్న: మా నాన్న దాచిన పాత అచ్చు బొమ్మలను లామినేషన్ చేయిస్తే ఎక్కువకాలం ఉంటాయా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దండీ. ఆ వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్ళీ రాదు, లాగితే బొమ్మ కూడా ఊడొస్తుంది. సెల్లోటేపు, ఫెవికాల్ కూడా వాడకండి. గుండుసూదులు, క్లిప్పులు తుప్పు పట్టకముందే తీసేయండి. ఉతికి ఆరేసిన, గంజి పెట్టని పాత పంచెలో చుట్టి, పెట్టెను గోడకు జానెడు దూరంగా, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. గంజికి పురుగు వస్తుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు కాబట్టి, వానలు వెలిశాక ఒకసారి నీడలో విప్పి చూసుకోండి. ఎండలో మాత్రం పెట్టకండి.