ఆష్‌వెల్ గోడ మీది అక్షరాలు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌వెల్ చర్చి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా, రెండోసారి పెన్సిలు చేత పట్టుకుని. ఇంగ్లండు వెళ్లి రెండేళ్లు నిండకముందే ఒక పల్లెటూరి చర్చి నీ చేత పన్నెండు పేజీలు రాయించిందంటే, నీకు చూసే కన్ను ఉంది. అయితే ఆ కన్ను చూసినది ఇంకా కాగితం మీదికి రాలేదు.

మొదటి పేజీలోనే ‘అద్భుతం’ నాలుగుసార్లు వచ్చింది. వాటన్నిటినీ కొట్టేశాను. టవరు ఎత్తు 176 అడుగులని రాశావు, అంకె సరైనదే. కానీ ఆ టవరును ఏ రాయితో కట్టారో చెప్పకుండా ఎత్తు ఒక్కటే చెబితే పాఠకుడికి ఏం దక్కుతుంది? దాన్ని క్లంచ్ అంటారు. సుద్దలో కాస్త గట్టి రకం. చాకు మొనతో గీస్తే గీత పడుతుంది. బయట వానకూ మంచుకూ పొరలు పొరలుగా రాలుతుంది. చుట్టుపక్కల నేలలో దొరికే రాయి అదే కాబట్టి దానితోనే అంత ఎత్తు లేపారు. ఆ మెత్తదనమే నీ వ్యాసానికి ప్రాణం. అది నీ రాతలో ఎనిమిదో పేజీలో అర వాక్యంగా ఉంది.

దాని సంగతికి వచ్చే ముందు పేర్ల గురించి. నేవ్‌ను ‘ముఖమండపం’ అనీ, బలిపీఠం ఉండే తూర్పు భాగమైన చాన్సెల్‌ను ‘గర్భగుడి’ అనీ రాశావు. మన పాఠకుడికి దగ్గర చేయాలన్న నీ తపన అర్థమైంది. కానీ ఆ మాటలు తమ గుడిని కూడా వెంటబెట్టుకుని వస్తాయి. గర్భగుడి అనగానే చీకటి, నూనెదీపం, హారతి కళ్లముందు నిలుస్తాయి. చాన్సెల్‌లో తూర్పు కిటికీ నుంచి పొద్దుటి వెలుగు తిన్నగా లోపలికి పడుతుంది. మనం గుడికి ఎవరి వీలును బట్టి వాళ్లం వెళ్లి దర్శనం చేసుకుని వస్తాం. నేవ్ కట్టింది ఊరంతా ఒక్కసారి లోపల నిలబడడానికి. అవును, నిలబడడానికే. బల్లలు విరివిగా వచ్చింది పదిహేనో శతాబ్దంలోనే. కాబట్టి నేవ్ అన్న మాటే వాడు, మొదటిసారి వచ్చినచోట ‘ఊరి జనం నిలబడే పొడవాటి హాలు’ అని ఒక్కమాట చెప్పి ముందుకు సాగు. ఆ పేరు లాటిన్‌లో ఓడకు వాడే ‘నావిస్’ నుంచి వచ్చింది. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘నావ’కూ దానికీ మూలం ఒకటే. ఇది నీ పాఠకుడికి నిజంగా చుట్టరికం కలిపే సంగతి. దీన్ని వదిలేసి లేని పోలిక ఎందుకు వెతికావు?

ఎర్లీ ఇంగ్లిష్, డెకరేటెడ్, పర్పెండిక్యులర్ అంటూ శైలుల పేర్లు వరసపెట్టి రాసిన పేజీన్నర కూడా తీసేయవచ్చు. ఆ పేర్లు 1817లో థామస్ రిక్మన్ అనే ఇంగ్లిష్ వాస్తుశిల్పి పెట్టినవి. రాయి చెక్కినవాళ్లు వాటిని ఎరగరు. వాళ్లకు తెలిసింది డబ్బు ఎవరిస్తారు, ఎంతవరకు ఇస్తారు అన్నదే. చాన్సెల్ బాగోగులు చర్చి ఆదాయం అనుభవించే రెక్టారు వంతు, నేవ్ ఊరివాళ్ల వంతు. అందుకే ఎన్నో చర్చిల్లో ఆ రెండూ ఒకే చేతి పనిలా కనిపించవు. ఆ అతుకు దగ్గర ఆగి చూడడం నేర్చుకో. రెండింటి మధ్య ఒకప్పుడు చెక్క తెర, దాని మీద శిలువపై క్రీస్తు, అటూ ఇటూ మరియ, యోహాను ఉండేవారు. పదహారో శతాబ్దపు మతసంస్కరణలో ఆ విగ్రహాలను దించేశారు. తెర మీదికి ఎక్కే సన్నని రాతిమెట్లు మాత్రం చాలా ఊళ్లలో గోడలోనే ఉండిపోయాయి. మెట్ల చివర ద్వారం, ద్వారం అవతల ఖాళీ. నేను ఏ పాత చర్చికి వెళ్లినా ముందు దాని కోసమే వెతుకుతాను.

ఇప్పుడు ఆ గోడ. టవరు లోపల ఉత్తరపు గోడ మీద, మెత్తని రాతిలో ఎవరో లాటిన్ పంక్తులు గీశారు. ప్లేగు మహమ్మారి ఊళ్లను తుడిచిపెట్టిన కాలం. 1350 అని చెప్పడానికి అతడు అంకె వేసి ఊరుకోలేదు. వెయ్యి, మూడుసార్లు వంద, అయిదుసార్లు పది అని విడగొట్టాడు. ఎందుకో తెలుసా? అయిదుసార్లు అనే ‘పెంటా’తో ముగిస్తే, ఆ వెంటనే ఉధృతమైనది అనే ‘వియొలెంటా’తో ప్రాస కుదురుతుంది. జాలిగొలిపేది, క్రూరమైనది, ఉధృతమైనది అంటూ చెప్పి, చూసి చెప్పడానికి జనంలోని మడ్డి మాత్రం మిగిలిందని రాశాడు. ఆ చావుల మధ్య ఆ చెయ్యి ప్రాస తప్పలేదు. ఇంతటి మనిషి నీకు దొరికితే ఎనిమిదో పేజీ దాకా ఎందుకు దాచావు?

దాని కిందే గాలివాన సంగతి ఉంది. 1361లో సెయింట్ మారస్ రోజున లోకమంతా ఉరిమిన గాలి. మన లెక్కలో అది 1362 జనవరి 15. అప్పట్లో ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది. నార్విచ్ కెథీడ్రల్ శిఖరం కూలింది ఆ గాలికే. ఈ ఒక్క పంక్తి నీకు కట్టడం చరిత్ర కూడా చెబుతుంది: ఆ నాటికి ఈ గోడ లేచి ఉంది, గాలికి తట్టుకుంది. ఆ కిందనే పాత సెయింట్ పాల్స్ కెథీడ్రల్ బొమ్మ. 1666లో లండన్ తగలబడినప్పుడు పోయిన ఆ కట్టడం ఇక్కడ గీతల్లో నిలిచింది. ఇంకోచోట స్తంభం మీద, ‘మూలలు సరిగ్గా అతకలేదు, ఉమ్మేస్తాను’ అని ఉంది. తోటివాడి పని చూసి కడుపుమండిన పనివాడి గొంతు నాకు అందులో వినిపిస్తుంది. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టు.

మళ్లీ వెళ్లు. జనం లేని పూట వెళ్లు. టార్చిలైటు తీసుకెళ్లి, వెలుగును ఎదురుగా కాకుండా పక్కవాటుగా, గోడను రాసుకుపోయేలా పట్టు. ఎదురుగా పడితే అక్షరాలు కనిపించవు, వాలుగా పడితే ఒక్కొక్కటే పైకి లేస్తాయి. చెయ్యి మాత్రం తగలనివ్వకు, ఆ రాయి ఓర్చుకోదు. ఆ పంక్తులు నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో చూసి నాకు రాయి. అతడు నిలబడి గీశాడా, వంగి గీశాడా అన్నది నేను వెళ్లిన రోజున చూసుకోలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు