బ్రిటన్ తరఫున ఢిల్లీకి వెళ్లాలనుకునే అమ్మాయికి

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్లుగా లెస్టర్‌లో ఉంటున్నాం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి హిస్టరీ డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఎప్పటికైనా బ్రిటిష్ హైకమిషనర్‌గా ఇండియా వెళ్తానంటోంది. మనవాళ్లకు అలాంటి పోస్టు ఇస్తారా?

జవాబు: ఇస్తారండీ. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో పుట్టిన అన్వర్ చౌదరిని 2004లో బ్రిటన్ బంగ్లాదేశ్‌కే హైకమిషనర్‌గా పంపింది. వెళ్లిన కొత్తలోనే, ఆ మే నెలలో, సొంతగడ్డ సిల్హెట్‌లోని దర్గా దగ్గర ఆయన మీద గ్రెనేడ్ దాడి జరిగింది. గాయాలతో బయటపడి, 2008 దాకా అక్కడే పనిచేశారు.

కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారిని హైకమిషనర్ అంటారు. అక్కడి రాజకీయాలు గమనించి లండన్‌కు రాయడం, వ్యాపార ఒప్పందాలకు దారి చేయడం, కష్టంలో పడ్డ తమ పౌరులను ఆదుకోవడం ఆ కార్యాలయం పనులు. ఇవి ఏ దేశంలోనైనా ఉండేవే. ఒకప్పుడు తాము ఏలిన దేశంలో మాత్రం పాత గాయం కూడా రాయబారి బల్ల మీదకు వస్తుంది. 2019 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నూరేళ్లు నిండాయి. అప్పటి హైకమిషనర్ డొమినిక్ ఆస్క్విత్ అమృత్‌సర్ వెళ్లి పుష్పగుచ్ఛం ఉంచి, విచారం వ్యక్తం చేశారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది లండన్ నిర్ణయం. రాయబారి దాన్ని దాటి ఒక్క మాట అనలేడు. మీ అమ్మాయి మనసు ఏం చెప్పినా, ఆ రోజు ఆమె నోట బ్రిటన్ మాటే రావాలి. నేను అన్నిటికన్నా ముందు ఆమెతో మాట్లాడమనేది దీని గురించే. హిస్టరీ చదువుతోంది కాబట్టి ఈ బరువు మిగతావాళ్లకన్నా బాగా తెలుస్తుంది, అది నాకు ఎంతో నచ్చింది.

దారి విషయానికొస్తే, డిగ్రీ చేసినవాళ్లను బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగాల్లోకి తీసుకునే సివిల్ సర్వీస్ ఫాస్ట్ స్ట్రీమ్‌లో దౌత్య విభాగం ఉంది. ఏ సబ్జెక్టు డిగ్రీ అయినా పనికొస్తుంది, బ్రిటిష్ పౌరసత్వం తప్పనిసరి. భద్రతా తనిఖీలో ఇండియాలోని చుట్టాలు, ఆస్తుల గురించీ అడుగుతారు, ఏదీ దాచకూడదు. హైకమిషనర్ స్థాయికి చేరేసరికి దశాబ్దాలు పడుతుంది. అక్కడికి అందరూ ఒకే దారిన రారు: 2024లో ఢిల్లీకి వచ్చిన తొలి మహిళా హైకమిషనర్ లిండీ కామెరాన్ అంతకుముందు సైబర్ భద్రతా సంస్థను నడిపారు.

ఇంట్లో తెలుగు మాత్రం వదలనివ్వకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వ్యవహారాలు చూసే బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ హైదరాబాద్‌లోనే ఉంది.